ఆమెన్ దాకా

పెనుకొండలో సుబ్బరత్నమ్మ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసేసరికి నేను హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఒక రైతుతో బేరంలో ఉన్నాను. పండు ముసలి. ఎవరికో బెల్లం తూచి ఇచ్చి, అంగట్లో గోడకు ఆనుకొని, అట్లాగే పోయిందట. తూకం మాత్రం సరిగ్గానే వేసి పోయుంటుందిలే అనబోయి మాటను నోట్లోనే మింగేశాను. నాకు ఈ జబ్బు చిన్నప్పటిది. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారు బోర్డు మీద జవాబు కోసం వెతుక్కుంటుంటే, "అది మొన్ననే టీసీ తీసుకొని పోయింది సార్" అన్నాను. ఆ తర్వాత టీసీ తీసుకొని పోయింది నేనే. మా నాయన ఏమీ అనలేదు, ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక కుర్చీ వేయించాడంతే. సుబ్బరత్నమ్మ మాకు చుట్టం కాదు, మా కులం కాదు, మా దేవుడు ఆమె దేవుడు కాదు. మా ఫ్యాక్టరీ గడప ఆమె తొక్కింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఆమె అన్న మాటను, ఆ ఏడు దాటాక, మా ఇంట్లో ఎవరూ మళ్లీ పైకి అనలేదు, ఎవరూ మరిచిపోలేదు.

మాది పట్టుగూళ్లు ఉడికించి దారం తీసే ఫ్యాక్టరీ. ధర్మవరంలో మీరు పెళ్లికి కొనే చీర మెరుస్తుంది కదా, ఆ మెరుపు మా దగ్గర ఉన్నప్పుడు కంపు కొడుతుంది. గూట్లో పురుగు ఉడికిన కంపు. మాకది తెలియదు, మా పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. బస్సెక్కితే మాకు ఎప్పుడూ రెండు సీట్లు దొరికేవి. మా నాయన దేవదానం పొద్దున్నే చింతపండుతో చేతులు రుద్ది, సబ్బుతో కడిగి, అత్తరు పూసుకొని చర్చికి వెళ్లినా మా వరుస ఒక్కటే పలచగా ఉండేది. ఇంట్లో ఆ కంపును ఓడించగలిగింది ఒకటే, మా అమ్మ ఊరిబిండి పచ్చడి కోసం ఎండుమిరపకాయలు వేయించే ఘాటు. ఆ ఘాటుకు మేమంతా దగ్గుతూ సంగటి ముందు కూర్చుంటే నాయన నవ్వు ఆపుకొని ఆహారానికి స్తోత్రం చెప్పేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కంపు మాకు తెలియకపోవడమే మా ఇంటి కథంతా అనిపిస్తుంది. అప్పట్లో మాత్రం అది నాకు జోకులకు ముడిసరుకు.

ఫ్యాక్టరీలో పని మొదలయ్యే ముందు ప్రార్థన ఉండేది. బేసిన్ల దగ్గర దారం తీసే ఆడవాళ్లు, మూటలు మోసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, బాయిలరు దగ్గర మంట చూసుకునే ఓబన్న, అందరూ ముందు పెరట్లో వరుసలుగా నిలబడాలి. వాళ్లలో క్రైస్తవులు నలుగురో ఐదుగురో. "ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోండప్పా, కండ్లు మూసుకుంటే సాలు" అనేవాడు నాయన. మొదట్లో ప్రార్థన చిన్నదే. బేసిన్లు పెరిగేకొద్దీ, ధర్మవరంలో మా దారం అడిగేవాళ్లు పెరిగేకొద్దీ అదీ పెరిగింది. మా నాయన ప్రార్థన రొద్దం బస్సు లాంటిదని నేను అంటుండేదాన్ని. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపి ఎక్కించుకునేది. మూటలు మోసే అతని భార్య కాన్పు, లెక్కలాయన కంటి ఆపరేషన్, వాన, గూళ్ల ధర, అన్నీ ఎక్కిన తర్వాతే ఆమెన్. ఎవరికీ మినహాయింపు లేదు. దానికొక కారణం ఉంది. మా జేజినాయన, అంటే నాయనకు నాయన, కూలికి పోయిన ఇళ్లలో లోపల పండగ జరుగుతుంటే ఆయనను పెరటి గోడ అవతల నిలబెట్టేవారట. పిలిచేదాకా అక్కడే. ఆ గోడ సంగతి నాయన మాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, సంగటి ముద్ద చేతిలో అట్లాగే చల్లారిపోయింది.

నాయనకు ఇంకొక ఆచారం ఉండేది. ఏటా చర్చిలో కోతపండగ జరిగిన మరుసటి రోజు, మా పనీ మా విశ్వాసమూ రెండూ తెలియని మనిషినొకరిని పిలిచి, ఫ్యాక్టరీ అంతా తిప్పి, ఆకు వేసి, "మా తప్పేముండాదో చెప్పండి" అని అడిగేవాడు. దాన్ని మేం బయటోళ్ల బువ్వ అనేవాళ్లం. ఆ రోజు వచ్చినవాళ్లు ఏమన్నా తెల్లారేదాకా మనం జవాబు చెప్పకూడదు, అది రూలు. బైబిలు వాక్యంలో ఒక మామ ఉన్నాడు, వేరే దేశం వాడు, వేరే పూజలవాడు. అల్లుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే జనం తగాదాలు తీరుస్తుంటే చూసి, ఇది బాగాలేదు అబ్బాయీ అని చెప్పినవాడు. "దేవునితో ముఖాముఖి మాట్లాడే మనిషి పాపా ఆ అల్లుడు. ఆయనకు ఈ సంగతి దేవుడే చెప్పొచ్చు గదా. చెప్పల్యా. బయటి మామతో చెప్పించినాడు. ఎందుకంటావు?" అనేవాడు నాయన. "దేవునికి కూడా అల్లుళ్లతో మాట్లాడేది కష్టమేమో" అన్నాను నేను. నవ్వి నెత్తిన మొట్టాడు.

నవ్వులాట కాదు, నాయన నిజంగా వినేవాడు. ఒక ఏడు రొద్దం వైపు గొర్రెలు మేపే ముసలాయన వచ్చాడు. మిషన్ల వైపు కన్నెత్తి చూడలేదు. ఆకు ముందు కూర్చొని, "మీ ఆడోళ్లు నీళ్లకు పోయేటప్పుడు ఒంటిగా పోరేమప్పా. జతలు జతలుగా పోతాండారు. బెదురుంటేనే గొర్రెలు అట్ల పోతాయి" అన్నాడు. ఆ రాత్రికి నాయన అన్నం తినలేదు. మరుసటి రోజు ఆడవాళ్లను అడిగి, ఎవరి బెదురో తెలుసుకున్నాడు. సూపర్‌వైజరును పంపించేశాడు. ఆ సూపర్‌వైజరు మా అమ్మ సొంత తమ్ముడు. అమ్మ చాలా రోజులు నాయనతో నా ద్వారానే మాట్లాడింది, నేను మధ్యలో నా సొంత మాటలు కలిపి ఇద్దరికీ చేరవేశాను, అందుకే త్వరగా కలిశారు. అంతటి నాయన. అందుకే తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

సుబ్బరత్నమ్మను పిలిచిన ఏడు నాకు ఇరవై లోపు. పెనుకొండలో ఆమె కిరాణా అంగడి. కోతపండగ పాయసానికి బెల్లం అక్కడే కొనేవాళ్లం. వైశ్యుల ఇంటి విధవరాలు, మా ఇంట్లో నీళ్లు తాగదు. తన పెరుగన్నం తనే క్యారియర్లో తెచ్చుకుంది. మా అమ్మ మొహం చిన్నబుచ్చుకుంటే నాయన, "మన బువ్వ తినకపోతే పోనీలే, మన తప్పు చెప్తే సాలు" అన్నాడు. ఆమెను ప్రార్థనకు ముందే పిలిపించి, పెరట్లో మొదటి వరుస ముందు కుర్చీ వేయించాడు. అది చూపించాలని ఆయనకు ముచ్చట. ఆ రోజు రొద్దం బస్సు ఆగని స్టాపు లేదు. నేను ఒక కన్ను సగం తెరిచి చూస్తే ఆమె రెండు కళ్లూ తెరుచుకొని, మా అందరి తలల మీదుగా వెనక్కి, బాయిలరు షెడ్డు వైపు చూస్తోంది. ప్రార్థన అయ్యాక, "కండ్లు మూసుకోల్యా ఏం పెద్దమ్మా?" అన్నాను. "మా దేవునికే మూయనమ్మే నేను. అంగట్లో కూచున్నదాన్ని. కండ్లు మూస్తే బెల్లం పోతాది" అంది. బేసిన్ల ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. నాయనా నవ్వాడు.

ఆకు ముందు నవ్వు లేదు. పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కొని, ఆమె నాయన వైపు తిరిగి కూర్చుంది. "నీ ఫ్యాక్టరీ నాకు తెలీదు దేవదానం. నువ్వు కండ్లు మూసుకున్నంత సేపూ ఆ మంట కాడ ఒక్కడూ లేడు. ఆడ ఒక గాజు గొట్టం ఉండాది, దాంట్లో నీళ్లు. నేను చూస్తాంటే అవి కిందికి దిగుతాండాయి. మెల్లగా. అవి దిగేది మంచికో చెడ్డకో నాకు తెలీదు. ఇంతమంది ఉండి ఒక్కరూ చూడకుండా అది దిగుతాంటే మాత్రం నేను కండ్లు తిప్పుకోల్యాకపోతిని."

 ఓబన్న దూరంగా వక్క కొరుకుతున్నవాడు ఆపేశాడు. తెల్లారేదాకా జవాబు చెప్పకూడదన్న రూలును నాయన మొదటిసారి తప్పాడు. "ఆడ దేవుడుంటాడమ్మా" అన్నాడు, మెత్తగానే. ఆమె క్యారియర్ మూత బిగించుకుంటూ, "ఉంటాడేమో. ఆ పని ఆయనకు నువ్వు ఒప్పజెప్పినావా, ఆయనే ఒప్పుకున్నాడా? ఓబన్నను పిలుచుకొచ్చింది నువ్వు గదా, ఆయన కాదు గదా" అంది. బస్సెక్కి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నేను బాయిలరు దగ్గరికి వెళ్లి ఆ గొట్టం చూశాను. ఎన్నో ఏళ్లుగా రోజూ దాని పక్కనే తిరిగాను. దానిలో నీళ్లు ఉంటాయని తెలుసు. అవి కదులుతాయని ఆ రోజే చూశాను. బాయిలరులో నీళ్లు తగ్గితే ఏమౌతుందని ఓబన్నను అడిగితే, "మంట ఉండాది, నీళ్లు లేవు, అంతే పాపా" అన్నాడు. పిడికిలి బిగించి, వేళ్లు ఒక్కసారిగా విప్పి చూపించాడు.

ఇంటి దగ్గర ఆ వారమంతా అదే మాట. ఓబన్న ఒక్కణ్ణి ప్రార్థనకు రావద్దంటే సరిపోతుంది గదా అని అమ్మా అంది, నేనూ అన్నాను. నాయన తల అడ్డంగా ఊపాడు. "అందరూ లోపలుంటే ఒకణ్ణి బయట నిలబెట్టేది నా చేతనైతే కాదు." "కులం చూసి కాదు గదా నాయనా, బాయిలరు చూడ్డానికి గదా" అన్నాను. "కారణాలు మారతాయి పాపా. ప్రతోడికీ ఒక మంచి కారణమే ఉంటాది. బయట నిలబడినోనికి మాత్రం గోడ ఒకటే."  ఆయన మాట తప్పని ఇప్పటికీ అనలేను. సుబ్బరత్నమ్మ మాటా తప్పు కాదు. రెండూ నిజమైనప్పుడు మధ్యలో ఎవరో ఒకరు నలుగుతారని మాత్రం అప్పట్లో నాకు తెలియదు. సూపర్‌వైజరునూ, ఆడవాళ్లు కూర్చునే స్టూళ్లనూ, ఆవిరి పోని కిటికీలనూ ఏటేటా వచ్చిన బయటివాళ్ల మాట విని మార్చిన మనిషి ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అది తన విశ్వాసం అనుకున్నాడు. మా జేజినాయన నిలబడిన గోడ కూడా అందులో కలిసిపోయి ఉందని ఆయన చూసుకోలేదు.

తర్వాత రోజుల్లో పెరటి ప్రార్థన పైకి అట్లాగే సాగింది. నేను కళ్లు తెరిచి చూస్తే, అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి. తలలు వంచి, చేతులు కట్టుకొని, కళ్లు మాత్రం పక్కకు తిప్పి, అందరూ షెడ్డు వైపే చూస్తున్నారు. కళ్లు మూసుకున్నది నాయన ఒక్కడే. ఇంతకు ముందైతే ఆ దృశ్యం మీద నేను ఒక వారం జోకులు వేసేదాన్ని. నవ్వు రాలేదు. నాయన గొంతు అట్లాగే, నిండుగా, ఒక్కొక్కరి పేరూ పలుకుతూ పోతుంటే, ఆ పేర్లవాళ్లంతా ఆయనను విడిచిపెట్టి ఒక గాజు గొట్టాన్ని చూస్తున్నారు. చెనక్కాయ పొట్టు మంటలో చిటపటలాడే శబ్దం అంతకు ముందు కూడా ఉండేదే కదా. అది మాకు వినపడడం మొదలైంది. ఓబన్న రోజూ ఒక వరుస వెనక్కి జరుగుతున్నాడు. చివరికి షెడ్డుకు దగ్గరగా, గోడ పక్కనే వచ్చి నిలబడ్డాడు. ఎవరూ అతనికి చెప్పలేదు.

ఆ రోజు ధర్మవరం షావుకార్లు పెద్ద ఆర్డరు ఇచ్చారని నాయన సంతోషంగా ఉన్నాడు. ప్రార్థన ఇంకా సగంలో ఉండగా కరెంటు పోయింది. బాయిలరులోకి నీళ్లు తోడే మోటరు గుంయిమని మోగుతూ ఉండేది, ఆ మోత ఆగిపోయింది. కళ్లు మూసుకున్నవాళ్లకూ అది తెలుస్తుంది. ఓబన్న అడుగు కదిలింది. గులకరాళ్ల మీద చెప్పు శబ్దం. నాయన కళ్లు తెరవలేదు, గొంతు పెంచలేదు. ప్రార్థన మధ్యలోనే, దేవునితో మాట్లాడే గొంతుతోనే, "ఓబన్నా, ఆమెన్ దాకా నిలబడప్పా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఓబన్న నిలబడ్డాడు. ఆ మాట కోపంగా అని ఉంటే అతను పరుగెత్తేవాడని నాకు అనిపిస్తుంది. నాయన ప్రేమను కాదనడం మా ఫ్యాక్టరీలో ఎవరికీ చేతకాదు. నేను గొట్టం వైపు చూశాను. అక్కడి నుంచి నీళ్లు కనపడలేదు. దూరం వల్ల కనపడలేదా, లేక లేవా అన్నది తెలియలేదు.

ఆమెన్ అన్నాక అతను పరుగెత్తాడు. మంట లాగేయడానికి కొలిమి తలుపు తీశాడని తర్వాత వచ్చినవాళ్లు చెప్పారు. పెద్ద శబ్దం వస్తుందనుకుంటాం గదా, అది శబ్దంలా రాలేదు. ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు వచ్చింది, తెల్లగా షెడ్డంతా నిండిపోయింది. నాయనే ముందు లోపలికి దూరాడు. ఓబన్నను చేతుల మీద మోసుకొచ్చింది నాయనే, అందువల్ల ఆయన మోచేతుల దాకా చర్మం ఎప్పటికీ మామూలుగా రాలేదు. ఓబన్న ఆసుపత్రిలో ఆ వారం దాటలేదు. మాట వచ్చినంత సేపూ నాయనను ఒక్క మాట అనలేదు. "మోటరు కొత్తది పెట్టించండి సార్" అన్నాడట. ఓబన్న భార్య మా ఇంటి గడప ఎక్కలేదు. నాయన వాళ్ల ఇంటికి వెళ్తే తలుపు తీసేది, నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయేది. వాళ్ల పిల్లల చదువు, పెళ్లి అంతా నాయన చూశాడు. ఆమె వద్దనలేదు. మాట్లాడలేదు.

ఫ్యాక్టరీ మూసి ఉన్న రోజుల్లో నాయన నన్ను వెంటబెట్టుకొని పెనుకొండ వెళ్లాడు. అంగట్లో జనం పోయేదాకా బయట నిలబడ్డాం. సుబ్బరత్నమ్మ మమ్మల్ని చూసీ చూడనట్టు మిరపకాయలు తూచింది. చివరికి, "లోపలికి రా దేవదానం" అంది. నాయన కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకొని, "నువ్వు చెప్పితివి. నేను వినల్యా" అన్నాడు. ఆమె తక్కెడ పక్కకు పెట్టింది. తర్వాత, "ఒకణ్ణి బయట నిలబెట్టేది నీ చేతగాదంటివంట గదా. నీ కూతురు మొన్న బెల్లానికొచ్చి చెప్పింది" అంది. "అవునమ్మా." "ఆ ఒకడు నువ్వే ఎందుకు కాలేదప్పా?"

నాయన ఆమె వైపు అట్లాగే చూశాడు. నేనూ చూశాను. అమ్మా నేనూ ఆయనా వారం పాటు అదే మాట్లాడుకొన్నాం, ఆ ఒక్క సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ప్రార్థన అంటే నాయన ముందు నిలబడి చేసేది. అంతకు మించి మా కళ్లకు ఆనలేదు. మేం లేవబోతుంటే ఆమె అంది, "ఇంక నన్ను పిలవద్దు. వేరేవాళ్లను పిలిచినా ఒక మాట గుర్తు పెట్టుకో. చెప్పినాక వినకపోతే అది చెప్పినోళ్ల మీద కూడా పడతాది. ఓబన్న రోజూ నా అంగట్లో నిలబడి ఉంటాడు."

ఫ్యాక్టరీ మళ్లీ తెరిచిన రోజు నుంచి నాయన పోయేదాకా, ప్రార్థన బేసిన్ల ఆడవాళ్లలో ఎవరో ఒకరు చేసేవారు. తమకు వచ్చినట్టు, తమ దేవుళ్ల పేర్లతోనే. నాయన బాయిలరు షెడ్డులో, మా అందరికీ వీపు పెట్టి, గొట్టం వైపు చూస్తూ నిలబడేవాడు. యజమాని బయట నిలబడితే గోడ గోడగా ఉండదని మాకు అప్పుడు తెలిసింది. కొందరు పాస్టర్లు మెచ్చుకున్నారు, కొందరు ఇది ప్రార్థనేనా అన్నారు. ఆయన గొట్టం దగ్గరి నుంచి కదల్లేదు.

బయటోళ్ల బువ్వ మానలేదు. మనుషులు వచ్చారు, బుక్కపట్నం నుంచి చేపలు పట్టేవాళ్లు, ధర్మవరం నుంచి మగ్గం తెలియని అయ్యవార్లు, పోస్టాఫీసువాళ్లు. అందరికీ ఓబన్న కథ తెలుసు. తిరిగి చూసి, తిని, చెయ్యి కడుక్కొని, "అంతా బాగుండాది సార్" అని వెళ్లిపోయేవారు. "ఏమన్నారు పాపా?" అని నాయన నన్ను అడిగేవాడు, తను సరిగ్గా వినలేదేమో అన్నట్టు. "బాగుందన్నారు నాయనా." ఆ మాటకు ఆయన మొహం ఎట్లా మారేదో నేను చెప్పలేను. ఆసుపత్రి వరండాలో కూడా అంత భయం చూడలేదు. "చూడ్డం మానల్యా వాళ్లు. మనకు చెప్పేది మానినారు" అన్నాడు ఒకసారి.

ఇప్పుడు ఫ్యాక్టరీ నాది. కొత్త బాయిలరు వచ్చింది, నీళ్లు తగ్గితే అదే అరుస్తుంది. ప్రార్థనప్పుడు షెడ్డులో నేను నిలబడతాను. బెంగుళూరు నుంచి సలహాలిచ్చే కుర్రాళ్లు కూడా వస్తారు, రంగురంగుల బొమ్మలు గోడ మీద వేసి చూపిస్తారు, ఆ బొమ్మల్లో నా ఫ్యాక్టరీ నాకంటే ఆరోగ్యంగా ఉంటుంది. నాయన కాలంలో, ఓబన్న పోకముందు, మనుషులు మొహం మీదే చెప్పేవారు, మేం విన్నా వినకపోయినా. ఇప్పుడు ఫీజు తీసుకొని పొగుడుతారు, ఊరివాళ్లేమో ఊరికే పొగుడుతారు. ఏది ఎక్కువ ప్రమాదమో నాకు తేలడం లేదు.

మొన్న కోతపండగకు నల్లమాడ నుంచి ఒక చిన్నమ్మాయిని పిలిచాను, నర్సుగా చేస్తోంది. చురుకైన పిల్ల. తిరుగుతూ తిరుగుతూ కొత్త గోడౌను మూల దగ్గర ఆగింది. తల ఒక పక్కకు వంచి, దేన్నో చూసింది. లేక దేన్నో విన్నదో. నోరు తెరిచింది. "ఏముండాది తల్లీ, చెప్పు" అన్నాను. ఆమె నా మొహం చూసింది, తర్వాత గోడ మీద ఉన్న ఓబన్న ఫోటో చూసింది. "ఏం లేదక్కా. అంతా బాగుండాది" అంది. పాయసం తిని వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను, అదే మాట. రోజూ పని మొదలయ్యే ముందు ఆ మూలకు వెళ్లి, ఆ పిల్ల నిలబడిన చోటే నిలబడి, తల అట్లాగే వంచి, ఆమె చూసిన వైపు చూస్తున్నాను. నాకు గోడౌను కనిపిస్తుంది, మూటలు కనిపిస్తాయి, పైకప్పు కనిపిస్తుంది. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.